మా కాలనీ పార్కు జాగా అమ్మకానికి పెట్టారు, పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది విజయవాడలో సింగ్ నగర్ అవతల ఒక చిన్న కాలనీ. ఈ ఆదివారం మా అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగ్ పెట్టింది. బైలాలో ఉమ్మడి స్థలం అమ్మకూడదన్న షరతు ముందు తీసేసి, ఆ వెంటనే పార్కుకని వదిలిన 1,200 గజాలు ఒక బిల్డరుకి రాసిస్తారట. వచ్చిన డబ్బుతో రోడ్లు వేసి మిగిలింది ఇంటికింత అని పంచుతారట. సంతకం పెట్టేవాళ్ళని నేను తప్పు పట్టను, వరదకి పాడైన ఇళ్ళు బాగు చేయించుకోవడానికి తెచ్చిన అప్పులు కొందరికి ఇంకా తీరలేదు.

కానీ ఆ జాగా అసోసియేషన్‌ది ఎలా అవుతుందండీ? ప్లానులో పార్కు అని చూపించి, దాని ఖరీదు కూడా మా గజం రేటులో కలిపే కదా ప్లాట్లు అమ్మారు. 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారమైతే 10 శాతం ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకి ఉచితంగా అప్పగించాలి. మాది అంతకన్నా పాత లేఅవుట్. డీడ్ అయిందా లేదా అని ఆఫీసులో అడిగితే ఫైలు వెతకాలన్నారు, మూడు నెలలైంది.

బెంగళూరులో పార్కు స్థలాన్ని నర్సింగ్ హోముకిస్తే 1991లో సుప్రీంకోర్టు చెల్లదని చెప్పింది. అక్కడ ఇచ్చింది ప్రభుత్వ సంస్థ. దానికే లేని హక్కు చేతులెత్తి తీర్మానం చేసే మాకెక్కడిది?

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీద పడినప్పుడు మా వీధుల్లో నడుము పైకి నీళ్ళు, పార్కు కాస్త మెరక కాబట్టి అక్కడ మోకాలి లోతే. పడవలు అక్కడికే వచ్చి ఆగేవి, పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు అక్కడే పంచారు, లేవలేని మా అమ్మని కుర్చీతో సహా మోసుకెళ్ళి అక్కడే పడవ ఎక్కించాం. నీళ్ళు తీశాక ఫైరింజన్లతో ఇళ్ళు కడిగితే ఆ బురద, తడిసిన పరుపులు, బియ్యం అన్నీ తెచ్చి పోసింది కూడా అక్కడే. అపార్ట్‌మెంట్ లేస్తే ఈసారి ఎక్కడికి పోవాలి మేము?

ఆ ఫైలు తీయించండి సార్. డీడ్ లేకపోతే కార్పొరేషన్ పేరున రాయించి, రిజిస్ట్రేషన్ జరగకుండా ఆ సర్వే నంబరుని రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉండే నిషేధిత జాబితాలో పెట్టించండి.

మీటింగ్ ఆదివారం పది గంటలకి, ఆ పార్కులోనే, వేపచెట్టు కింద. ప్లాను కాగితం పట్టుకుని మీ శాఖ నుంచి ఒక్కరు వచ్చినా చాలు.

ఇట్లు,
కాలనీ నివాసి, విజయవాడ