ఇకపై తలకింత కాదు, షోకింత

మా మొబైల్ ప్లానెటోరియంను (స్కూలుకే వచ్చి, గాలితో నిలబడే గుడారం లాంటి డోమ్ లోపల ఆకాశాన్ని చూపించే షోను) పిలిపించుకునే స్కూళ్ల యాజమాన్యాలకు, టీచర్లకు నమస్కారం.

ఈ విద్యా సంవత్సరం నుంచి పిల్లవాడికి ఇంత అని టికెట్ తీసుకోవడం మానేస్తున్నాం. షోకి ఇంత అని స్కూలే కట్టాలి. టికెట్ పెట్టిన ప్రతిచోటా డబ్బు తేని పిల్లలు కొందరు క్లాసులోనే ఉండిపోతున్నారు. పక్కబెంచీవాళ్లు వచ్చి శని వలయాల గురించి చెబుతుంటే వీళ్లు ఎక్కాలు రాసుకుంటూ కూర్చుంటున్నారు. అది చూస్తూ వ్యాపారం చేయడం మాకు నచ్చలేదు.

దాపరికం ఎందుకు, పాత లెక్క మీద ఖర్చు కొంచెం పెరుగుతుంది. కొన్ని స్కూళ్లు మమ్మల్ని వదిలేస్తాయని కూడా తెలుసు.

"షోకింత అయితే అరవై మందిని కూర్చోబెట్టండి" అంటారేమో, కుదరదు. మా డోమ్ వ్యాసం 5 మీటర్లు. మధ్యలో ప్రొజెక్టర్ పోగా 25 మంది పిల్లలు, ఒక టీచర్ పడతారు. డోమ్‌ను నిలబెట్టేది గాలి కొట్టే బ్లోయరే, అది ఏసీ కాదు. జనం పెరిగితే లోపల ఉక్కపోతే.

ఒకటి, రెండు తరగతులను ఐదో తరగతితో కలపం. చిన్నవాళ్లకు చీకటంటే భయం, అందుకే వాళ్లకు సూర్యాస్తమయాన్ని బాగా సాగదీస్తాం. రికార్డు చేసిన సినిమా వేసేస్తే రోజుకు ఇంకో రెండు షోలు పడతాయి, నిజమే. కానీ సినిమా పిల్లల ప్రశ్నకు ఆగదు. సప్తర్షుల్లో పులహుడనే చుక్క నుంచి క్రతువనే చుక్క మీదుగా గీత గీసి ధ్రువుణ్ణి పట్టుకోమంటాం. దొరికాక "ఇంత మసగ్గా ఉన్నాడేంటి, ఇంత కిందున్నాడేంటి" అని గోల. కథలో అందరికన్నా పైన కూర్చున్నవాడు కదా! హైదరాబాద్ నుంచి చూస్తే ధ్రువ నక్షత్రం ఉత్తరాన సుమారు 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చాచిన చేతి పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. పిల్లలంతా పిడికిలి మీద పిడికిలి పెట్టి కొలుస్తారు. అప్పుడు డోమ్‌లోనే వాళ్లను ఉత్తర ధ్రువానికి తీసుకెళ్తే ఆ చుక్క దాదాపు నడినెత్తికి వస్తుంది. ఈ భాగాన్ని మాత్రం ఎంత తొందరున్నా కుదించం.

హైదరాబాద్‌కు దగ్గరివాళ్లు బిర్లా ప్లానెటోరియంకు తీసుకెళ్లగలిగితే తీసుకెళ్లండి. 1985 నుంచి ఉన్న ఆ పెద్ద డోమ్‌తో మాకు పోటీ లేదు. బస్సు ఖర్చు భరించలేని ఊళ్ల కోసమే మేమున్నాం.

ఇక తేదీలు. అందరికీ ఆగస్టు 23 (జాతీయ అంతరిక్ష దినోత్సవం), నవంబర్ 14 (బాలల దినోత్సవం), ఫిబ్రవరి 28 (జాతీయ సైన్స్ దినోత్సవం) కావాలి. మాకున్నది ఒకటే డోమ్. ఆ మూడు రోజులూ ముందు అడ్వాన్స్ కట్టినవారికే. జూలైలో పిలిస్తే రేటు తగ్గిస్తాం. బయట వానాకాలమైనా డోమ్‌లో మబ్బు పట్టదు.

ఫోన్ చేసేటప్పుడు హాలు కొలతలు చెప్పండి. 20 అడుగుల పొడవు, వెడల్పు, 12 అడుగుల ఎత్తు కావాలి. ఆ ఎత్తు కప్పుకి కాదు, సీలింగ్ ఫ్యాను రెక్కలకి. ఫొటో పంపితే ఇంకా మంచిది.