బుడమేరు ముంపును చూసిన చిన్నారుల కోసం విరాళాల విజ్ఞప్తి

భక్త మహాశయులకు ఆలయ కమిటీ నమస్కారములు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగిన సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. వారం తిరగకుండానే వచ్చిన వినాయక చవితిని ఇళ్లలో బురద కడుక్కుంటూనే జరుపుకున్నాం. ఆనాడు మేడల మీద చీకట్లో, తాగునీటి కోసం ఎదురుచూసిన పెద్దల చంకల్లో ఉన్న పిల్లలే ఆ తర్వాత అంగన్‌వాడీల్లోనూ ఒకటో తరగతిలోనూ చేరారు.

పలకలు పంచడానికి మేము వెళ్లిన ఒక కేంద్రంలో ఒక పాప తనకు పెట్టిన ఉడికిన గుడ్డును తినకుండా గౌను మడతలో దాచుకుంది. మబ్బు పట్టగానే చెప్పులు చేతపట్టుకుని మేడ మెట్ల దగ్గరకు వెళ్లి నిలబడింది. ఆయా ఎంత పిలిచినా రాలేదు. ఇటువంటి బిడ్డను మొండిఘటమని గదమాయించడం మనలో చాలామందికి అలవాటే. వరదే కానక్కరలేదు, ఇంట్లో తాగి కొట్టే తండ్రిని చూసి పెరిగిన బిడ్డా ఇలాగే ముడుచుకుపోవచ్చు, లేదా పక్క పిల్లలను కొట్టవచ్చు. బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అయితే కొట్టకుండా ఏం చేయాలో టీచరుకు ఎవరో ఒకరు దగ్గరుండి చూపాలి కదా.

రోజూ అదే మనిషి పలకరించడం, ఆట, పాట, అన్నం ఒకే వరుసలో జరగడం, మార్పు ఉంటే ముందే చెప్పడం, బెదిరిన బిడ్డ కాసేపు కూర్చోవడానికి ఒక మూల చాప పరచి ఉంచడం, ఆ రోజు ఏం జరిగిందని పదేపదే గుచ్చి అడగకపోవడం: ఇవి ఖరీదైన పనులు కావు. టీచర్లకూ ఆయాలకూ వీటిలో శిక్షణ ఇప్పించడానికి, పిల్లల మానసిక నిపుణులను నెలనెలా రప్పించి గౌరవ వేతనం చెల్లించడానికి, రంగులు, మట్టి, చాపలు కొనడానికి మీ సహాయం కోరుతున్నాం. ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లు ఉచితమే గాని, బిడ్డ పక్కన కూర్చోవడానికి మనిషి కావాలి.

మొదటి విడతలో పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటోలు తీయించడం మా పొరపాటు. ఇకపై ఏ బిడ్డ ఫోటో గాని, పేరు గాని బయటపెట్టబోము.

విరాళాలను హుండీలో వేయక, ఆలయ కార్యాలయంలో ఇచ్చి రసీదు పొందగలరు. ఈ నిధికి వేరే ఖాతా నిర్వహించి, జమాఖర్చులు ప్రతి నెలా నోటీసు బోర్డుపై ఉంచుతాం. దాతల గోత్రనామాలతో అర్చన జరిపిస్తాం; పేరు వద్దనుకునేవారు రసీదు రాయించుకునేటప్పుడే చెప్పగలరు.

ఇట్లు
ఆలయ కమిటీ