ఇంజను తడబాటుకు పెట్రోలును నిందించే ముందు

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ వాహనాల పేజీలో ఒక పాఠకుడి ప్రశ్నకు ఇచ్చిన సమాధానం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. తన పెట్రోలు కారుకు ఇంటి దగ్గరే ఎయిర్ ఫిల్టర్ మార్చి, థ్రాటిల్ బాడీ (ఇంజనులోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) విప్పి శుభ్రం చేసుకున్న మర్నాటి నుంచి, యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజను ఒక క్షణం తడబడి, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు ఉరుకుతోందని ఆయన రాశారు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే ఇందుకు కారణం కావచ్చని, ట్యాంకు ఖాళీ చేయించి వేరే బంకులో పోయించమని, అప్పటికీ తగ్గకపోతే ఫ్యూయల్ పంపు మార్పించమని మీ నిపుణులు సలహా ఇచ్చారు. ప్రశ్నలోనే ఉన్న ‘మర్నాటి నుంచి’ అన్న మాటను మాత్రం వారు పట్టించుకోలేదు. నిన్నటిదాకా బాగా నడిచిన బండి ఈ రోజు మొరాయిస్తుంటే, ముందుగా అడగవలసింది నిన్న ఎవరి చేయి ఎక్కడ పడిందని.

నేను మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అయినా సరిగ్గా ఇదే పొరపాటు చేశాను కాబట్టి చెబుతున్నాను. నాది 2014లో కొన్న పెట్రోలు కారు. గత వేసవిలో ఒక ఉదయం థ్రాటిల్ బాడీ మీద పేరుకున్న నల్లటి మసి తుడిచి, అన్నీ యథాస్థానంలో బిగించి, మా ఆవిడ ముందు కొంత గొప్పలు కూడా చెప్పుకున్నాను. సాయంత్రం సిగ్నల్ దగ్గర క్లచ్ వదిలి యాక్సిలరేటర్ తొక్కితే బండి వెనక్కి పట్టి లాగినట్టయింది. ఆ రోజే పెట్రోలు పోయించాను కనుక నేరం బంకు మీద వేశాను. వారం తర్వాత నాలుగు స్పార్క్ ప్లగ్గులూ మార్చాను. ఏ మార్పూ లేదు. చివరకు షోరూముకు తీసుకువెళితే, థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ధర విని బండి వెనక్కి తిప్పుకొని వచ్చేశాను.

ఆ తర్వాత చేసిన పనే మొదట చేసి ఉండవలసింది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ నాలుగు కాలుష్య ప్రమాణాల కార్లకు ఓబీడీ, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌లుగా నమోదు చేసుకునే ఏర్పాటు, రెండో దశ తప్పనిసరి అయింది. అలాంటి కారులో స్టీరింగు కింద ఉండే సాకెట్‌లో చిన్న రీడరు పెట్టి, ఫోనులోనే ఇంజను కంప్యూటరు లెక్కలు చూడవచ్చు. నా కారులో కనిపించిన కోడ్ పి 0171, అంటే ఇంజనుకు అందుతున్న మిశ్రమంలో గాలి పాలు ఎక్కువ, పెట్రోలు పాలు తక్కువ అని అర్థం. చాలామంది ఇక్కడే ఆగి ఆక్సిజన్ సెన్సరునో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లనో మార్చేస్తారు. కోడ్ చెప్పేది లక్షణం మాత్రమే, వ్యాధి పేరు కాదు. జ్వరం 102 ఉందని థర్మామీటరు చెప్పినంత మాత్రాన అది మలేరియానో టైఫాయిడో తేలిపోదు కదా.

తేల్చేది ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి కంప్యూటరు ఎప్పటికప్పుడు పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో అది చూపిస్తుంది. నా బండి న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా ఊరికే నడుస్తూ ఉన్నప్పుడు ఈ సవరణ 20 శాతం దాటి ఉంది. రేస్ ఇచ్చి నిమిషానికి 2,500 చుట్ల దగ్గర నిలిపితే ఐదారు శాతానికి దిగింది. ఈ తేడాలోనే జవాబు ఉంది. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకొని ఉంటుంది, గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్‌లో పీల్పు బలంగా ఉంటుంది, ఇంజను తీసుకునే గాలి చాలా కొద్ది. అప్పుడు సెన్సరు కొలవని గాలి ఏదైనా కంతలోంచి దూరితే, మొత్తంలో దాని వాటా పెద్దదవుతుంది. రేస్ పెంచాక ఇంజను ఎన్నో రెట్ల గాలి మింగుతుంది కనుక ఆ దొంగగాలి లెక్కలోకి రాదు. చెంబెడు నీళ్లు బిందెలో కలిస్తే తెలుస్తుంది గానీ చెరువులో కలిస్తే తెలియదు. నిజంగానే ఫ్యూయల్ పంపు బలహీనపడి ఉంటే అంకెలు ఇందుకు తలకిందులుగా ఉండేవి: ఐడ్లింగ్‌లో మామూలుగా ఉండి, బరువు లాగుతున్నప్పుడు, వేగం పెరిగినప్పుడు సవరణ పెరుగుతూ పోయేది. గాలిని కొలిచే సెన్సరు మీద మురికి పట్టినా దాదాపు ఇదే ధోరణి కనిపిస్తుంది.

ఇక ఇథనాల్ సంగతి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి మండడానికి గాలి తక్కువ చాలు: కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కైతే 9 కిలోలే. 10 శాతం మిశ్రమం నుంచి 20 శాతానికి మారినప్పుడు కంప్యూటరు అదనంగా చేయవలసిన సవరణ నాలుగైదు శాతానికి మించదు, అది కూడా ఐడ్లింగ్‌లోనూ వేగంలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. పాత కార్ల రబ్బరు భాగాల మీద, మైలేజీ మీద ఈ పెట్రోలు ప్రభావం గురించి జనం అడుగుతున్న ప్రశ్నలు న్యాయమైనవే; నేనేమీ దాని తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. కానీ ఫిల్టర్ మార్చిన మర్నాడే మొదలైన తడబాటును దాని నెత్తిన రుద్దడం సరికాదు.

కంత ఎక్కడుందో వెతకడానికి బానెట్ ఎత్తి, మూరెడు రబ్బరు గొట్టం ఒక చివర చెవికి ఆనించి, రెండో చివరను నేను విప్పి బిగించిన ప్రతి అతుకు దగ్గరా, తిరిగే బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా, నెమ్మదిగా జరిపాను. క్లీనర్ స్ప్రే కొట్టి ఐడ్లింగ్ మారుతుందేమో చూసే పద్ధతి కూడా ఉంది గానీ, వేడి ఇంజను మీద మండే ద్రవం చిమ్మమని నేనెవరికీ చెప్పను. ఇంజను అడుగున చేరే ఆవిరిని మళ్లీ మానిఫోల్డ్‌కు పంపే పీసీవీ హోస్ పైపు వంపు దగ్గర బుస్సుమని శబ్దం వినిపించింది. పదేళ్ల వేడికి గట్టిపడిన ఆ రబ్బరును థ్రాటిల్ బాడీ తీయడానికి అడ్డొస్తోందని నేనే పక్కకు వంచాను. పైనుంచి చూస్తే బాగానే ఉంది, అడుగున చిట్లింది. కొత్త పైపు వేశాక ఐడ్లింగ్‌లో సవరణ మూడు శాతానికి దిగింది, తడబాటు పోయింది. నేను కొన్న ప్లగ్గుల ఖరీదు ఆ పైపు కంటే చాలా ఎక్కువ.

అన్ని కార్లకూ ఈ అంకెలు ఇలాగే వస్తాయని అనుకోకూడదు. గాలిని నేరుగా కొలవకుండా, మానిఫోల్డ్‌లోని పీడనాన్ని బట్టి లెక్కగట్టే కార్లు మన రోడ్ల మీద చాలా ఉన్నాయి. వాటిలో దొంగగాలిని కూడా కంప్యూటరు అసలు గాలిగానే భావించి పెట్రోలు కలుపుతుంది కనుక ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు; ఐడ్లింగ్ అకారణంగా పెరగడమే అక్కడ తొలి గుర్తు. ఇంట్లో పనిచేసేవారి చేతిలో పాడయ్యేవి ఇంకా ఉన్నాయి. గాలి సెన్సరులోని సన్నటి తీగను గుడ్డతో తుడిస్తే అది పాడైపోవచ్చు. ప్లగ్గు బిగించేటప్పుడు పింగాణీ చిట్లితే ఆ సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండక మిస్ కొడుతుంది. అప్పుడు ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూస్తే, కోడ్ కాయిల్ వెంట వెళ్లిందా, ప్లగ్గు దగ్గరే నిలిచిందా అన్నదాన్ని బట్టి నేరం ఎవరిదో తేలుతుంది. చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ మినుకుతుంటే మాత్రం బండి నడపకూడదు, మండని పెట్రోలు వెళ్లి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది. లైటు పోతుందని బ్యాటరీ తీగ విప్పేవారు చాలామంది ఉన్నారు. దానితో కోడ్‌లు, నేర్చుకున్న ట్రిమ్ లెక్కలు తుడిచిపెట్టుకుపోయి, వెతకడానికి ఆధారమే మిగలదు.

వెనకటి ఫియట్లు, అంబాసిడర్ల కాలంలో కూడా ఈ తడబాటు ఉండేది. అప్పుడు కార్బురేటర్‌లోని యాక్సిలరేటర్ పంపు దెబ్బతింటే ఇలాగే జరిగేది. మెకానిక్ చెవితోనే పట్టేసేవాడు. ఇవాళ విజయవాడ ఆటోనగర్‌లో అంతే నేర్పున్న చేతులు ఉన్నా, థ్రాటిల్ శుభ్రం చేశాక కంప్యూటరుకు ఐడ్లింగ్ మళ్లీ నేర్పే విధానం ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం, అది చాలావరకు కంపెనీ సర్వీసు మాన్యువల్‌లో మాత్రమే ఉంటుంది. విడిభాగాలను, పరీక్ష పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో వ్యాపార పోటీ సక్రమంగా జరిగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించిన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చు. మీ వాహనాల పేజీ వారం వారం కొత్త మోడళ్ల రంగులూ ధరలూ చెప్పే స్థలంలో కొంత ఈ సమాచారానికి కేటాయించాలని కోరుతున్నాను.

ప్రశ్న పంపిన ఆ పాఠకుడు ట్యాంకు ఖాళీ చేయించక ముందే ఈ ఉత్తరం అచ్చయితే సంతోషిస్తాను. ఆయన థ్రాటిల్ బాడీ కింద గాలి దూరకుండా వేసే గాస్కెట్‌నూ, దాని చుట్టూ ఉన్న హోస్ పైపులనూ అడుగు వైపు నుంచి ఒక్కసారి తడిమి చూసుకోవాలి.

భవదీయుడు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు, తెనాలి