జూ కోతుల మేతలో ఆకులు చేర్చండి: అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

జూలో కోతులకు పెద్ద బోనులు, నీడ, ఊయలలు కావాలని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను అడిగేది వాటి కడుపు గురించి.

ఆకు తిని బతికే కోతి ఆ ఆకులోని పీచును తనంతట తాను అరిగించుకోలేదు. ఆ పని లోపలి బ్యాక్టీరియా చేసిపెడుతుంది. కొండముచ్చులకైతే పొట్ట గదులు గదులుగా ఉంటుంది, ఆవు పొట్టలోలాగే ఆకు అందులో పులుస్తుంది. మనం వేసే మేత ముందు అందేది ఆ బ్యాక్టీరియాకే.

2016లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు వియత్నాం అడవుల్లోని ఎర్రకాళ్ల డూక్ కొండముచ్చుల మలంలోని సూక్ష్మజీవులను జూల్లో పెరిగేవాటి మలంలోని వాటితో పోల్చారు. మధ్య అమెరికా హౌలర్ కోతులనూ అలాగే చూశారు. జూ కోతుల్లో సొంత సూక్ష్మజీవులు చాలావరకు పోయి ప్రివోటెల్లా, బాక్టీరాయిడిస్ అనే బ్యాక్టీరియా పెరిగాయి. ఈ రెండూ మన పేగుల్లో ఉండేవే! ఖండాలు వేరు, జాతులు వేరు, బోనులోకి వచ్చాక మాత్రం రెండింటి కడుపులూ మనుషుల కడుపుల దారే పట్టాయి. రకరకాల ఆకులు కోసి పెట్టే సంరక్షణ కేంద్రంలోని డూక్‌లు అడవివాటికీ జూవాటికీ మధ్యలో నిలిచాయి. నా ఆశంతా ఆ మధ్యస్థితి మీదే.

ఇంగ్లండ్‌లోని పేయింటన్ జూ కోతులకు అరటిపండ్లు మాన్పించిందని 2014లో వార్తలొచ్చాయి. మనుషుల కోసం పెంచిన పండులో చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. కోతి, అరటిపండు అని చిన్నప్పటి నుంచీ బొమ్మల్లో చూసిన మనకి ఇది మింగుడుపడదు, నిజమే.

టెన్షన్ పెట్టే సంగతి ఇంకోటుంది. ఎలుకలకు తరతరాలుగా పీచు తగ్గించిన ప్రయోగంలో, పోయిన బ్యాక్టీరియాలో చాలా రకాలు మళ్లీ పీచు పెట్టినా తిరిగి రాలేదు. జూలోనే పుట్టి జూలోనే పిల్లల్ని కంటున్న కోతుల సంగతి అప్పుడేమిటి? వాటిని రేపు అడవిలో వదిలితే అక్కడి ఆకు అరుగుతుందా?

తాజా ఆకు రోజూ కోసి తేవడం తేలిక కాదని తెలుసు. పురుగుమందు చల్లనివి దొరకాలి, విషపు ఆకులు ఏరేయాలి, దానికి మనుషులు కావాలి. అయినా మేత టెండరులో పండ్లు, కూరగాయల పక్కన ఏ జాతికి ఏ ఆకులు, రోజుకు ఎన్ని కిలోలు అన్నది రాయించండి. అడవిలో వదలబోయే ప్రతి కోతికీ కొన్ని నెలల ముందే ఆ అడవి ఆకులు అలవాటు చేయించి, మలం పరీక్షించాకే వదలమని ఉత్తర్వివ్వండి. అడవి కోతుల మలం నమూనాలను ఇప్పుడే సేకరించి ఫ్రీజర్లలో దాచిపెట్టించండి. అడవి చెడినచోట అడవి కోతుల కడుపులోనూ సూక్ష్మజీవుల రకాలు తగ్గుతున్నాయి. మెక్సికోలోని నల్ల హౌలర్ కోతుల్లో అది ఇప్పటికే కనబడింది.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర పరిశోధకురాలు