అమ్మమ్మ వంటింటి కోసం

చిన్నీ,

పార్సిల్ అందిందని అమ్మమ్మ ఫోనులో చెప్పింది. రాత్రే డబ్బా విప్పి సామానంతా పాత పేపరు మీద పరిచావట. సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఇంకా ప్లగ్గులో పెట్టకు. ముందు ఇది చదువు.

పోయిన సంక్రాంతికి మనం అక్కడికి వెళ్లినప్పుడు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, గుర్తుందా? గ్యాసు వాసనకు నేను వసారాలోంచి పరిగెత్తుకొచ్చాను. అమ్మమ్మ స్టవ్ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమెకు ఏ వాసనా తెలియలేదు. వంటగ్యాసుకు నిజానికి సొంత వాసన ఉండదు. లీకైతే పట్టుకోవడానికే అందులో ఘాటైన మెర్కాప్టన్ కలుపుతారు. వాసన తెలియని అమ్మమ్మకు ఆ ఘాటు ఏం ఉపయోగం? చెవులు మాత్రం ఇప్పటికీ చురుకే. అందుకే గ్యాసు లీకైతే బజర్ మోగే ఈ అలారం కిట్ పంపాను, విడి భాగాలను నువ్వే అతకాలి.

నేను కర్మాగారంలో పదకొండేళ్లు టంకం పెట్టాను. నీకు నేర్పాల్సింది ఒకటే: వేడి చేయాల్సింది తీగను కాదు, అతుకును. ఐరన్ మొనను బోర్డు మీది రాగి చుట్టుకూ, పార్టు కాలికీ ఒకేసారి ఆనించు. ఒకటి, రెండు అని లెక్కపెట్టి, అవతలి వైపు నుంచి టంకం తీగ తాకించు. అది కరిగి నీళ్లలా కాలి చుట్టూ పాకుతుంది. ముందు తీగ తీసెయ్, తర్వాత ఐరన్ ఎత్తు. చల్లారేదాకా బోర్డు కదలకూడదు. అతుకు చిన్న గోపురంలా, మెరుస్తూ ఉండాలి. మసకబారి ఉండలా నిలిచిందంటే డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని టంకం. ఈ రోజు పని చేస్తుంది, ఒకనాడు చెప్పకుండా ఊరుకుంటుంది. టీవీలో అయితే బొమ్మ పోతుంది, అంతే. ఇది అమ్మమ్మ వంటిల్లు.

ముందు రెసిస్టర్లు పెట్టు, తర్వాత ఐసీ (చిప్పు) కూర్చునే సాకెట్. ఐసీని చివరికి గుచ్చు. ఎల్ఈడీకి పొడవు కాలే ప్లస్. పొగ ముఖానికి తగలకుండా కిటికీ దగ్గర కూర్చో. తీగలో సీసం ఉంటుంది, పని ముగించి లేవగానే సబ్బుతో చేతులు కడుక్కో.

ఆ తీగలో 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. అమ్మమ్మ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేదీ తగరంతోనే. నీ చేతిలోని, గ్యాసును పసిగట్టే ఎంక్యూ-6 సెన్సర్ లోపల ఉన్నదీ తగరపు ఆక్సైడే! జపానులో 1962లో నవోయోషి టాగుచి అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది. మామూలు గాలిలో ఆక్సిజన్ ఆ తగరపు ఆక్సైడ్‌కు అంటుకుని, అందులోని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. అప్పుడు కరెంటు సరిగా పారదు. గ్యాసు వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిస్తే ఎలక్ట్రాన్లు విడుదలై, కరెంటు దారి తెరుచుకుంటుంది. బజర్ మోగుతుంది. ఎంత అందమైన పనో చూడు.

ఇదంతా వేడిగా ఉంటేనే జరుగుతుంది. అందుకే సెన్సర్‌లో చిన్న హీటరు ఉంది, ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. అది కరెంటు బాగా తాగుతుంది కాబట్టి చిన్న బ్యాటరీ చాలదు, 5 వోల్టుల ఫోను ఛార్జర్ పెట్టు. మొదటిసారి కనీసం ఒక రోజంతా వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే బోర్డు మీది బుల్లి స్క్రూ తిప్పి, బజర్ ఎంత గ్యాసుకు మోగాలో సరిచేయి. పరీక్షకు మామయ్యను పిలువు. స్టవ్‌కు దూరంగా, మంట రాకుండా, లైటర్‌లోని గ్యాసును మాత్రం ఆయన కొంచెం వదులుతారు.

వంటగ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. కాబట్టి ఈ బోర్డు ఉన్న పెట్టెను నేల నుంచి ఒక అడుగు ఎత్తులోనే బిగించమను. బజర్ మోగితే ఏ స్విచ్చూ వేయకూడదు, తీయకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికి వెళ్లి గ్యాసు లీకు హెల్ప్‌లైన్ 1906కు ఫోను చేయాలి. ఈ మాటలు అమ్మమ్మ చేత రెండుసార్లు చెప్పించు. బజర్ ఉంది కదా అని రాత్రి రెగ్యులేటర్ కట్టడం మానేయనివ్వకు.

సెన్సర్ ఆరు కాళ్లూ అతికాక, బోర్డు వెనకవైపు ఎండలో పెట్టి దగ్గరగా ఫోటో తీసి పంపు. ఏ కాలు మసకగా ఉందో చూసి చెబుతాను. అప్పటిదాకా గోడకు బిగించకండి.

మీ అమ్మ