బుజ్జికి అమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,

ఇక్కడందరం క్షేమం. ఈ ఏడు కాయ ఆలస్యమైంది, ఆవకాయ ఇంకా పెట్టలేదు. నాన్నగారి మోకాలు అలాగే ఉంది. సరళ పిన్ని కొడుకు డల్లాస్‌లో మీ అపార్ట్‌మెంటుకి వచ్చాడట, కింద నీ కారు కనబడలేదన్నాడు. సర్వీసింగుకి ఇచ్చుంటావులే. నేనేం అడగడం లేదు.

మా ఆఫీసులో అమెరికా పన్ను రిటర్నుల ఏప్రిల్ 15 గడువు హడావిడి అయింది, ఇప్పుడు గడువు పొడిగించుకున్న ఎక్స్‌టెన్షన్ వాళ్ళు మొదలయ్యారు. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా. వాయిదాలు తప్పి అప్పిచ్చినవాళ్ళు కారు పట్టుకుపోతే అప్పు కూడా పోయిందనుకోకూడదు. 21,000 డాలర్ల బాకీ ఉన్న కారు వేలంలో 12,500కి పోతే మిగతా 8,500 మన నెత్తిమీదే ఉంటుంది, టోయింగు ఖర్చు అదనం. వాళ్ళు వసూలు చేస్తున్నంతకాలం అది అప్పు, పన్ను లేదు. మాఫీ చేసిన రోజున ఆదాయం అవుతుంది. 3,000 కట్టించుకుని సెటిల్ చేస్తే వదిలేసిన 5,500 ఆదాయం. 600 డాలర్లు గానీ ఆపైన గానీ మాఫీ అయితే ఆ మొత్తం రాసిన 1099-సి ఫారం నీకొకటి, అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కొకటి వెళ్తుంది. రిటర్నులో షెడ్యూల్ 1, లైను 8సి. మొత్తం 8,500 మాఫీ అయితే 22 శాతం శ్లాబులో పన్ను 1,870 డాలర్లు. టెక్సస్‌లో రాష్ట్రం పన్ను లేదు, అదొక్కటే నయం. ఎక్కువ పెట్టి కొన్నాను, నష్టం చూపిస్తానంటే సొంత వాడకం కారుకి కుదరదు.

ఆఫీసుకి ఎలా వెళ్తున్నావు? ఆ ఎండలో బస్సు కోసం నిలబడుతుంటే టోపీ అన్నా పెట్టుకో.

నిరుడు న్యూజెర్సీ అబ్బాయి ఫైలొకటి వచ్చింది. ఉద్యోగం పోయింది, కారు పోయింది, ఇల్లు మారాడు. 1099-సి పాత అడ్రసుకి వెళ్ళింది, రిటర్నులో చూపలేదు. తర్వాత, రిటర్నులో చూపని ఆదాయం గురించి ఐఆర్‌ఎస్ పంపే సీపీ 2000 నోటీసు వచ్చింది, పన్నూ వడ్డీ కలిపి. ఆ నోటీసుకి మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. హడలిపోయి కట్టేయబోయాడు. నిజానికి కట్టక్కర్లేదు. మాఫీకి సరిగ్గా ముందు మన అప్పులు ఆస్తులకన్నా ఎక్కువుంటే, ఆ తేడా మేరకు మాఫీ ఆదాయంలోకి రాదు. ఆస్తులు రాయించాం: బ్యాంకులో 900, రిటైర్మెంటు పొదుపు ఖాతా 401(కె)లో 6,000, మంచం, లాప్‌టాప్, మిగతా సామాను 2,100. మొత్తం 9,000. అప్పులు: కార్డుల మీద 7,000, కారుది 8,500. అంతేనన్నాడు. చదువుకి ఇక్కడి బ్యాంకులో తీసుకున్న లోను ఏమైందంటే, అది ఇండియాది కదా అన్నాడు! ఎక్కడిదైనా అప్పు అప్పే. డాలర్లలో 16,000. అన్నీ కలిపి 31,500, తేడా 22,500. మొత్తం 8,500కీ పన్ను తప్పింది. ఇందుకు వేసే ఫారం 982లో 1బి గడికి టిక్కు, 2వ లైనులో 8,500. రెండో భాగం కూడా చూసి నింపాలి, చాలామంది వదిలేస్తారు. అప్పులూ ఆస్తుల లెక్క రాసుకునే పట్టీ ఐఆర్‌ఎస్ పుస్తకం పబ్లికేషన్ 4681లో ఉంది.

అయితే లోను ఎలా లెక్కకొస్తుందో పొలమూ అలాగే వస్తుంది. తాతయ్య నీ పేర రాసిన నూతక్కి పొలం చెక్క ఇవాళ్టి ధరకి ఆస్తుల్లో వెయ్యాలి. కనక నీకు ఆ దారి దొరకడం కష్టం. అప్పుడే చెప్పాను మామయ్యతో, పిల్లవాడి పేర ఎందుకని. ఎవరు విన్నారు?

ఇవన్నీ ఊరికే రాస్తున్నా. ఒకవేళ అవసరమైతే, సెటిల్‌మెంటు మాట ఫోనులో ఒప్పుకోకు, కాగితం మీద తీసుకుని అప్పుడు డబ్బు కట్టు. 1099-సి వస్తే 2వ గడిలో మాఫీ మొత్తం, 7వ గడిలో కారు విలువ, వేలం కాగితాలతో సరిపోయాయా చూసుకో. తప్పుంటే సరిచేసి పంపమని అప్పిచ్చినవాళ్ళనే రాతపూర్వకంగా అడుగు. ఇల్లు మారితే ఐఆర్‌ఎస్‌కి ఫారం 8822 పంపు. ఐఆర్‌ఎస్ సైటులో నీ అకౌంటు తెరిస్తే వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్‌స్క్రిప్టులో నీ పేర వచ్చిన 1099లు కనబడతాయి. కారులో వదిలేసిన సామాను అడిగి తెచ్చుకోవచ్చు. ఆ ఊలు దుప్పటి డిక్కీలోనే ఉంటుంది నీకు.

నాన్నగారికి నేనేం చెప్పలేదు. ఏవైనా కాగితాలుంటే ఫోటో తీసి పంపకు, అంకెలు సగం అలుక్కుపోతాయి. స్కాన్ చేసి మెయిల్ చెయ్యి, రెండు వైపులా.

అమ్మ