స్కిజోఫ్రెనియా మందులు దగ్గరి ఆసుపత్రిలో ఎందుకు ఉండవు?

సంపాదకుడికి,

అయ్యా,

స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లు పేపర్లోకి ఎక్కేది ఎవరినైనా కొట్టినప్పుడో, వాళ్లనే ఎవరైనా చెట్టుకు కట్టేసినప్పుడో. మిగతా రోజుల్లో ఆ ఇల్లు ఎలా నడుస్తుందో, మందుల కోసం ఎంత తిరుగుతుందో వార్త కాదు. మా తమ్ముడికి ఈ జబ్బు ఉంది కాబట్టి రాస్తున్నాను.

వాడు డిగ్రీ చదువుతుండగా మొదలైంది. చాలామందికి బయటపడేది ఆ వయసులోనేనట. టీవీలో వార్తలు చదివే ఆవిడ తన గురించే చెబుతోందని స్విచ్ పీకేసేవాడు. కంచంలోంచి అమ్మ ఒక ముద్ద తిని చూపిస్తేగాని అన్నం ముట్టేవాడు కాదు. గాలి సోకిందని ఒకరు, పెళ్లి చేస్తే అదే కుదురుతుందని ఇంకొకరు. మా మేనత్త సంబంధం కూడా తెచ్చింది. అది తప్పిపోవడం ఆ పిల్ల అదృష్టం.

ఎవరూ లేకపోయినా వాడికి వినిపించే గొంతులు నటన కాదని, మెదడులో డోపమిన్ అనే రసాయనం తీరు మారడం వాటికి ఒక కారణమని డాక్టరు చెప్పాకే మాకు అర్థమైంది. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకు గొంతులు తగ్గాయి. హుషారు మాత్రం అంత త్వరగా రాలేదు. పొద్దెక్కేదాకా ముసుగు తన్ని పడుకుంటే బద్ధకమని తిట్టే చుట్టాలకు, అదీ జబ్బులో భాగమేనని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మందు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఒళ్లు వస్తోందనో, చేతులు వణుకుతున్నాయనో, బాగైపోయింది కదా అనో కొందరు మానేస్తారు. దానికి డాక్టరు మోతాదో మందో మార్చి చూస్తారు. మందు దొరక్క ఆగిపోతే ఏం చేయాలి? జిల్లా కేంద్రం దాకా బస్సు, అక్కడ ఓపీ చీటీకి ఒక క్యూ, మందులకు ఇంకో క్యూ. ఆ జనంలో నిలబడాలంటేనే వాడికి టెన్షన్. తోడు వెళ్లిన నాన్నకు ఆ రోజు కూలి పోతుంది. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే "స్టాక్ లేదు, బయట కొనుక్కోండి" అంటారు. అలా మందు తప్పిన ఒక నెలలోనే మళ్లీ టీవీ స్విచ్ పీకడం మొదలైంది.

2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. గొలుసులు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అదే చట్టం 18వ సెక్షన్ ఇంకో మాట కూడా చెప్పింది: వైద్యం కోసం రోగిని దూరాలు తిప్పకూడదు, అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై ఆసుపత్రులన్నిటిలో ఎప్పుడూ ఉచితంగా ఉండాలి. ఈ జబ్బుకు వాడే రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ ఆ జాబితాలో ఉన్నవే. రోజూ మాత్ర మింగనివాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. స్పెషలిస్టు ఒకసారి రాసిచ్చాక వాటిని దగ్గరి ఆసుపత్రిలో నర్సు వేయలేదా? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఓపిగ్గా మాట్లాడతారు, మంచిదే. ఫోన్లోంచి మాత్ర రాదు కదా!

ఏ సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఈ మందులు ఎన్ని ఉన్నాయో నెలనెలా గేటు దగ్గర బోర్డు పెట్టించాలని వైద్యారోగ్య శాఖ అధికారులను కోరుతున్నాను. మీ విలేకరులు కూడా ఒకసారి ఆ కౌంటర్ల దగ్గరికి వెళ్లి అడిగి చూడాలని మనవి.

— ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)